చారల దొడ్డి

ఒక పెద్ద అడవిలో, దాన్ని నడిమికి చీల్చుకుని పారే ఏటికి ఇవతల, జూలప్ప అనే సింహం రాజ్యం చేస్తుండేవాడు. ఏటికి అవతల కూడా అడవే. అక్కడ వ్యాఘ్రభూపతి అనే పెద్దపులి రాజు. ఏరు ఎవరిదన్న తగాదా తాతలనాటిది. ఆ తగాదా లేకపోతే రాజులిద్దరికీ పొద్దు పోయేది కాదు.

రాజుల సంగతి ఎలా ఉన్నా, ఇవతలి అడవికి ఒకటే రేవు. ఏనుగులూ దుప్పులూ కుందేళ్ళూ అడవిపందులూ అందరూ అక్కడే నీళ్ళు తాగేవారు. పేరుకు నీళ్ళకే గాని, వచ్చేది కబుర్లకి. పెళ్ళిసంబంధాలు అక్కడే కుదిరేవి, అక్కడే చెడేవి. ఎవరికి ఏ అనుమానం వచ్చినా అరిచేవారు. చెట్టుమీద కొండముచ్చు 'ఖొక్' మంటే కింద దుప్పి కూత పెట్టేది. దుప్పి కూస్తే నెమలి అందుకునేది. అందరూ ఒక్క గెంతున పొదల్లోకి. సగం సార్లు అది ఎండుకొమ్మ విరిగిన చప్పుడే. అప్పుడు నవ్వుకుంటూ మళ్ళీ వచ్చి నీళ్ళు తాగేవారు.

ఒకనాటి పొద్దున మంచు దట్టంగా పట్టింది. చెట్టుమీద వాళ్ళకి నేల కనిపించలేదు. ఆ మంచులో ఏటవతలి నుంచి దుమ్ములగొండ్ల గుంపు ఒకటి ఈదుకుంటూ వచ్చి రేవులో పడింది. నీళ్ళు తాగుతున్న ముసలి కణుజు దుప్పిని పట్టి చంపేసింది. అడవిలో అందరూ కణుజు తాత అని పిలిచే పెద్దప్రాణి అది.

చంపారు, కానీ తినలేదు. రేవు మధ్యలో అందరికీ కనబడేలా వదిలేశారు. గుంపు నాయకుడు, బొమికల దొర అనేవాడు, బండ ఎక్కి పెద్దగా అరిచాడు.

"ఈ రేవు మాది! ఈసారి ఎవరో చెప్పం. ఎప్పుడో చెప్పం!"

అని నవ్వుతూ ఈదుకుంటూ పోయారు. వాళ్ళ నవ్వు మంచులో చాలాసేపు వినబడింది.

అడవిలో చావు కొత్తకాదు. కానీ ఈ చావు ఎవరికీ అర్థంకాలేదు. అడవిపంది ఆడకూతురు ఒండ్రమ్మ చుట్టుపక్కలవాళ్ళతో అంది: "పులి చంపుద్ది, తింటది, కడుపు నిండితే పడుకుంటది. అది పడుకున్నప్పుడు మనం నీళ్ళు తాగొచ్చు. వీళ్ళ కడుపు నిండేది మాంసంతో కాదమ్మా, మన బెదురుతో. మనం బెదిరినంతసేపూ వీళ్ళకి ఆకలి తీరదు."

ఆ మాట విన్నవాళ్ళు తల ఊపారు. ఊపి, ఇంకాస్త బెదిరారు.

ఒండ్రమ్మ మొగుడు కోరయ్య ఆ అడవికి భద్రతా మంత్రి. మెడ లేదు, వెనక్కి తిరగడం రాదు, ఒకసారి పరుగు మొదలుపెడితే చెట్టు అడ్డమొచ్చినా ఆగడు. ఈ గుణాలు చూసే జూలప్ప అతనికి ఆ పదవి ఇచ్చాడు. మనిషి, అంటే పంది, మంచివాడు. చిన్నప్పుడు తల్లిలేక తిరుగుతున్న కోరయ్యకి తియ్యగడ్డలు ఎక్కడ దొరుకుతాయో చూపించినవాడు కణుజు తాతే. ఆ రోజు రేవులో తాతను చూసి కోరయ్య ఏడ్చాడు. ఏడ్చాక కోపం వచ్చింది. కోపం రాగానే దర్బారుకి పరుగెత్తాడు.

"సాయంత్రంలోగా ఏదో ఒకటి చెయ్యాలయ్యా," అన్నాడు జూలప్ప, జూలు సవరించుకుంటూ.

"ఏం చెయ్యమంటారు ప్రభూ?"

"ఏదో ఒకటి అన్నానుగా! కాకపోతే అది అందరికీ కనబడాలి."

రాజుగారి పక్కన ఒంటికాలి మీద ధవళరావు నిలబడి ఉన్నాడు. ధవళరావు కొంగ. ఏటికి ఇటూ అటూ ఎగిరి రెండు దర్బారుల్లోనూ చేపలు తిని వచ్చే విదేశాంగ సలహాదారు. ఆయన రెండోకాలు ఎప్పుడు కింద పెడతాడో, ఏ ఒడ్డున పెడతాడో ఎవరికీ తెలియదు.

"ముందు శత్రువు రూపురేఖలు తేలాలి ప్రభూ," అన్నాడు ధవళరావు. "ఎవరైనా కళ్ళారా చూశారా?"

ఒక కుందేలు వణుకుతూ ముందుకొచ్చింది. "మంచులో సరిగ్గా కనబడలేదు బాబయ్యా. వీపుమీద చారలు మాత్రం చూశాను."

"చారలు!" అన్నాడు జూలప్ప.

"చారలు!" అన్నాడు కోరయ్య. చేతికి ఏదో దొరికినట్టయింది అతనికి.

ఆ సాయంత్రమే శాసనం చాటించారు. ఇవతలి అడవిలో వీపుమీద చారలున్న ప్రతి ప్రాణీ రేవు పక్కన కట్టిన ముళ్ళకంచె దొడ్డిలో ఉండాలి. దర్యాప్తు ముగిసేదాకా కదలకూడదు.

కంచె కట్టడం అయ్యాక తెలిసింది ఏమిటంటే, ఆ అడవిలో చారలున్నవాళ్ళు ఉడుతలు.

ఉడుతల్లో పెద్దది చారమ్మ. మద్దిచెట్టు మీద కాపురం. నోటికి అదుపు లేదు, తోకకి నిలకడ లేదు. ఆమె తన బలగాన్నంతా వెంటబెట్టుకుని వచ్చి కోరయ్యను నిలదీసింది.

"మంత్రిగారూ, మేం కణుజు తాతను చంపామా?"

"నేనలా అన్నానా?"

"మరి దొడ్డెందుకు?"

ధవళరావు గొంతు సవరించుకున్నాడు. "చారలున్నవాళ్ళంతా చెడ్డవాళ్ళని మేం అనడం లేదమ్మా. చెడ్డవాళ్ళకి చారలున్నాయంటున్నాం. రెండింటికీ చాలా తేడా ఉంది."

"ఆ తేడా కంచెకి ఏ పక్కన ఉందండీ?" అంది చారమ్మ.

ధవళరావు కాలు మార్చుకున్నాడు.

ఉడుతకి కంచె ఒక లెక్కా? దూరి బయటికి పోయి, కాయలు ఏరుకుని తిని, హాజరు పిలిచే వేళకి మళ్ళీ లోపలికొచ్చి బుద్ధిగా కూర్చునేవి. రాజశాసనం కదా, మర్యాద ఇవ్వాలని. కావలి ఉన్న ఎలుగుబంటి గుబురయ్య కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. వాడికి తేనె, నిద్ర తప్ప మూడో విషయం పట్టదు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ కాపాడడం మొదలుపెట్టినవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. రేవు దారిలో తనిఖీ పెట్టారు. కొమ్ములున్నవాళ్ళు కొమ్ములకి, కోరలున్నవాళ్ళు కోరలకి బంకమన్ను ముద్దలు మెత్తుకుని రావాలి. శాసనం తనదే కాబట్టి కోరయ్య అందరికంటే ముందు తన కోరలకి మెత్తుకున్నాడు. ముళ్ళపందిని ముళ్ళు గేటు దగ్గర వదిలి వెళ్ళమన్నారు. "ఇంటికెళ్ళి వదిలేసి వస్తా," అని వెళ్ళిన ముళ్ళపంది మళ్ళీ రాలేదు. ఏనుగు నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఎత్తి చూపించాలి. అరికాళ్ళ కింద ఎవరైనా దాక్కుని వస్తారేమోనని. ఏనుగు ఒక కాలు ఎత్తి దించేసరికి వెనక దుప్పుల నోళ్ళు ఎండిపోయేవి.

అన్నిటికంటే పెద్ద శాసనం చివర వచ్చింది. రేవులో ఎవరూ అరవకూడదు, అరిస్తే శిక్ష.

"ఒకరు అరిస్తే పదిమంది బెదురుతారు," అన్నాడు కోరయ్య. "బెదరడమే శత్రువుకి కావలసింది. కాబట్టి అరుపు శత్రువుకి సాయం. ఇకనుంచి అనుమానం వస్తే, నెమళ్ళతో కొత్తగా పెట్టిన నెమలిశాఖకి విన్నవించుకోండి. వాళ్ళు విచారించి, నిజమని తేలితే, ఒక పద్ధతిగా అరుస్తారు."

"తేలేలోగా దుమ్ములగొండి వస్తే?" అని ఒక దుప్పి అడిగింది.

"వస్తే ఇక అరవడం దేనికి?" అన్నాడు గుబురయ్య, ఆవలిస్తూ.

కోరయ్య అలిసిపోయి ఇంటికి వచ్చాడు. ఒండ్రమ్మ ఈనిన పిల్లలు బురదలో దొర్లుతున్నాయి. ఆమె వాటిని ఏట్లో కడిగి తెచ్చి మొగుడి ముందు వరసగా నిలబెట్టింది.

"ఏమయ్యా, నీ పిల్లల వీపులు ఎప్పుడైనా చూశావా?"

కోరయ్య చూశాడు. ఎర్రటి వీపులమీద తల నుంచి తోకదాకా తెల్లటి చారలు, గీత గీసినట్టు ఉన్నాయి. అడవిపంది పిల్లలు పుట్టడం చారలతోనే పుడతాయి. పెద్దయ్యాక అవి వెలిసిపోతాయి, పుట్టినప్పుడు ఎలా ఉన్నామో ఎవరికీ గుర్తుండదు.

"పెద్దయ్యాక పోతాయిలేవే," అన్నాడు నెమ్మదిగా.

"అయితే పోయేదాకా దొడ్డిలో ఉండాలా?"

అతను మాట్లాడకముందే గుమ్మంలో గుబురయ్య దగ్గాడు. "అయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఎవరో చూసి చెప్పారు..."

కోరయ్య తిన్నగా రాజు దగ్గరికి పరుగెత్తాడు. పిల్లలకి మినహాయింపు అడుగుదామని. అడగకముందే ధవళరావు అందుకున్నాడు: "మంత్రి పిల్లల్ని వదిలేస్తే అడవి ఏమనుకుంటుంది ప్రభూ? అదే దొడ్డిలో ఉంచితే ఎంత ఆదర్శం!"

"ఆహా! త్యాగమంటే నీదయ్యా కోరయ్యా!" అని జూలప్ప అతని వీపు తట్టాడు.

త్యాగం చేశానని కోరయ్యకి అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి ఒండ్రమ్మ ముఖం చూడలేకపోయాడు. ఆమె తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. పిల్లల్ని దొడ్డిదాకా నడిపించుకెళ్ళి, లోపలున్న చారమ్మతో, "కాస్త చూస్తుండు వదినా, చిన్నది మన్ను తింటది," అని చెప్పి వచ్చేసింది. ఆ మరునాటి నుంచి మంత్రిగారు రోజూ సాయంత్రం దొడ్డికి వచ్చి, ఎవరూ చూడకుండా కంచె సందుల్లోంచి గడ్డలు లోపలికి తోసేవాడు. ఉడుతలు చూసేవి. చూసి తోకలు అటు తిప్పుకునేవి.

ఈలోగా ధవళరావు రెండు అడవుల మహాసభ ఏర్పాటు చేశాడు. ఏటి నడిమి ఇసుకతిన్నె మీద జూలప్పా వ్యాఘ్రభూపతీ ఎదురెదురుగా కూర్చున్నారు.

"మీ అడవి దుమ్ములగొండ్లు మా రేవుమీద పడ్డాయి," అన్నాడు జూలప్ప.

"మా అడవిలో దుమ్ములగొండ్లే లేవు," అన్నాడు వ్యాఘ్రభూపతి. "ఉన్నా అవి మావి కావు. మావే అయినా అవి శాకాహారులు."

ఆయన వెనక కాపలా నిలబడ్డవాళ్ళలో ఒకడు మూతి నాక్కున్నాడు. వాడు బొమికల దొర. జూలప్పకి నిద్రలేకుండా చేస్తాడని పులిరాజు వాణ్ణి చేరదీసి, తను తినగా మిగిలింది పెట్టి పోషిస్తున్నాడని ఏటికి రెండు పక్కలా తెలుసు. తెలియనట్టు కూర్చోవడానికే మహాసభ.

"ముందు 'భయపెట్టే జంతువు' అంటే ఎవరో నిర్వచించుకుందాం," అన్నాడు ధవళరావు.

"ప్రాణుల్ని బెదరగొట్టేవాడు," అన్నాడు కోరయ్య వెంటనే.

రాజులిద్దరూ అతని వైపు తిరిగి ఒకేసారి గర్జించారు. ఆ తర్వాత ఎవరు ఎంత బెదరగొడితే రాచరికం, ఎంత దాటితే నేరం అన్న చర్చ సాగింది. రెండు దర్బారులూ ఏట్లో చేపలన్నీ తినేశాయి. ఆఖరికి అందరూ ఒప్పుకున్న నిర్వచనం ఇది: భయపెట్టే జంతువు అంటే ఎదుటి ఒడ్డున ఉండే జంతువు. రెండు దర్బారులూ చప్పట్లు కొట్టాయి. కణుజు తాత పేరు ఎత్తకుండా 'ఆ సంఘటన'కు చింతిస్తున్నట్టు ఒక ప్రకటన చేసి ఎవరి ఒడ్డుకి వాళ్ళు పోయారు.

ఇక రేవు సంగతి. తనిఖీకి ఓర్చుకోలేక దుప్పులు ఎక్కడో గుంటల్లో బురదనీళ్ళు తాగి రోగాలు తెచ్చుకున్నాయి. కుందేళ్ళు రేవు మొహం చూడడం మానేశాయి. కబుర్లు లేవు, సంబంధాలు లేవు. వచ్చేవాళ్ళు కూడా పక్కవాడి వీపు చూసుకుంటూ, గొంతు నొక్కుకుని, గుటకలు మింగి పోయేవారు.

అవతలి ఒడ్డున బండమీద పడుకుని బొమికల దొర ఇదంతా చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మనం మళ్ళీ ఎప్పుడెళ్దాం దొరా?" అని అనుచరుడు అడిగాడు.

"ఎందుకురా? మనం ఒక్కపూట చేసిన పని వాళ్ళు రోజూ చేసుకుంటున్నారు."

కానీ కీర్తి రుచి మరిగినవాడు ఊరుకోలేడు. కొన్నాళ్ళకి ఇవతల అతని పేరు తలుచుకునేవాళ్ళు తగ్గారు. తిట్టుకుంటే కోరయ్యనే తిట్టుకుంటున్నారు. అది బొమికల దొరకి చిన్నతనంగా తోచింది. పైగా ఏటి ఒడ్డునే ఒక కంచె, అందులో పారిపోలేని లేత పందిపిల్లలు, పక్కన తేనె తాగి గుర్రుపెట్టే కావలివాడు. అలాంటి ఏర్పాటు శత్రువు కూడా చేసిపెట్టడు.

వాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చారు. తెల్లవారుఝామున అందరికీ భయం కాబట్టి అందరి జాగ్రత్తా తెల్లవారుఝామునే ఉంది. మధ్యాహ్నం నెమలిశాఖ భోజనానికి వెళ్ళింది.

కంచె మీద కూర్చుని కాయ ఒలుస్తున్న చారమ్మకి నీళ్ళలో ఎండుదుంగల్లా తేలుతున్న తలలు కనబడ్డాయి. ఆమె ఒక్క దూకున గుబురయ్య ముక్కుమీద పడింది.

"లే! వస్తున్నారు! లే!"

"అరవకు!" అన్నాడు గుబురయ్య కళ్ళు మూసుకునే. "నెమలిశాఖకి విన్నవించుకో."

"నెమలి ఏదీ?"

"భోజనానికి."

చారమ్మ దొడ్డిలోకి చూసింది. ఒండ్రమ్మ చిన్నపిల్ల కంచె వారనే మన్ను తింటూ ఉంది. దానికీ నీళ్ళకీ మధ్య ముళ్ళకంప ఒక్కటే అడ్డం. చారమ్మకి శాసనం గుర్తుంది, శిక్షా గుర్తుంది. తోక నిలబెట్టి, ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచింది.

అంత చిన్న ఒంట్లోంచి అంత అరుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు. మద్దిచెట్టు మీద కొండముచ్చు ఒక్క క్షణం ఆలోచించి, 'శాసనం పోతే పోయింది' అనుకుని 'ఖొక్' మంది. దుప్పి కూసింది. కుందేళ్ళు నేల తన్నాయి. భోజనం మధ్యలో నెమలిశాఖ మొత్తం, విచారణ లేకుండానే, పద్ధతి లేకుండానే, గొంతు చించుకుంది. ఇన్నాళ్ళూ మింగి దాచుకున్న అరుపులన్నీ ఒక్కసారి బయటపడితే ఏట్లో నీళ్ళు వణికాయి.

దర్బారులో ఉన్న కోరయ్యకి ఆ గోలలో ఒక సన్నటి కీచు వినబడింది. అది తన పిల్లదని చెవి చెప్పకముందే కాళ్ళకి తెలిసింది. తనిఖీ దగ్గర ఎవరో "అయ్యగారూ, వరస!" అన్నారు. వరస పడిపోయింది, తనిఖీ పడిపోయింది. వెళ్ళి వెళ్ళి కంచెకి తలపెట్టి కొట్టాడు. మొదటి దెబ్బకి కోరల మీది మట్టి రాలింది, రెండో దెబ్బకి కంచె రాలింది. పిల్లలు అతని కాళ్ళ సందుల్లోంచి బయటికి పరుగెత్తాయి. బొమికల దొర ఎగిరి కోరయ్య చెవి పట్టుకున్నాడు. కోరయ్య వెనక్కి తిరగలేడు కదా, ముందుకే పోయాడు, దొరతో సహా, ఏట్లోకి.

వరసలో ఒక కాలు ఎత్తుకుని నిలబడ్డ ఏనుగు ఆ కాలు తెచ్చి ఏట్లో పెట్టింది. నీళ్ళు ఎగిరి దుమ్ములగొండ్లు తలో దిక్కుకీ చెదిరిపోయాయి. ముళ్ళపంది ఎక్కడి నుంచో వచ్చింది, ముళ్ళన్నిటితోనూ. మెదలకుండా వచ్చి బెదరగొట్టడం వచ్చిన దుమ్ములగొండ్లకి ఇంతమంది చూస్తుండగా నిలబడడం రాదు. నవ్వడం మరిచిపోయి ఈదుకుంటూ పోయారు.

కోరయ్య ఒడ్డుకి వచ్చాడు. ఒక చెవి సగమే మిగిలింది. ఒండ్రమ్మ వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకుని, ఆ తర్వాత ఆ సగం చెవిని నాకింది.

జూలప్ప పరివారంతో విచ్చేశాడు. ధవళరావు అప్పటికే ప్రకటన సిద్ధం చేశాడు: "శత్రువును వలలోకి రప్పించడానికే దొడ్డి కట్టాం. ఇది ముందునుంచీ మన వ్యూహం."

"వ్యూహం కాదు ప్రభూ," అన్నాడు కోరయ్య. చెవి నుంచి నెత్తురు కారుతోంది. "నా పిల్లల్ని నేనే తీసుకెళ్ళి వాళ్ళ నోటికి అందేలా కట్టేశాను. అరిచినవాళ్ళు కాపాడారు. ఆ అరుపునే నేను నేరం చేశాను."

అడవి అంతా జూలప్ప వైపు చూసింది. అంతమంది ఒకేసారి చూడడం రాజుకి అలవాటులేదు. గొంతు సవరించుకుని, అన్ని శాసనాలూ రద్దు చేస్తున్నానన్నాడు. కోరయ్య చారమ్మ దగ్గరికెళ్ళి తల దించాడు.

"ఆ తల ఎత్తండి మంత్రిగారూ," అంది చారమ్మ. "దించితే కోరలు నాకు తగులుతున్నాయి."

మరునాడు రేవు నిండిపోయింది. ఎండుకొమ్మ విరిగితే అందరూ పొదల్లోకి దూకారు. నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

ఓడిపోయి వెళ్ళిన బొమికల దొరకి పరువు నిలబెట్టుకోవాలంటే ఎక్కడో ఒకచోట ఎవరినో ఒకరిని చంపి వదిలేయాలి. ఇవతలికి రావడానికి ధైర్యం చాల్లేదు. అవతల తెలిసిన రేవు ఒకటే ఉంది. ఆ వారంలోనే వ్యాఘ్రభూపతి సొంత రేవులో ఆయన బావమరిది చిరుతపులి చచ్చి పడి ఉంది. ఎవరూ తినలేదు.

పులిరాజు ధవళరావును పరుగున పంపించి కోరయ్యను పిలిపించుకున్నాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతులో గర్జన లేదు.

"కోరయ్యా, ఇంతకాలం పాలుపోసి పెంచానయ్యా వాణ్ణి! నీకు అనుభవం ఉంది. చెప్పు, మొదట మీరేం చేశారు?"

"మహారాజా, చారలున్నవాళ్ళందరినీ దొడ్డిలో పెట్టాం. చాలా పెద్ద తప్పు..."

వ్యాఘ్రభూపతి ఒకసారి తన వీపు చూసుకున్నాడు. "తప్పే, తప్పే. పెద్ద తప్పు. ఆ తర్వాత?"

"ఎవరూ అరవకూడదన్నాం. అది అంతకంటే పెద్ద తప్పు మహారాజా. దానివల్లే..."

"ఆగాగు," అన్నాడు పులిరాజు, కళ్ళు మెరుస్తుండగా. "అదేదో బాగుంది. వివరంగా చెప్పు."

నీతి: ఎదుటివాడి తప్పుల నుంచి ప్రజలు పాఠాలు నేర్చుకుంటారు, రాజులు తప్పులు నేర్చుకుంటారు.